గోడ దాటేదాకా

పోయిన నెల హైదరాబాదు నుంచి ఒక కుర్రవాడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. జుట్టు నాకంటే చాలా ఎక్కువ, మీసం నాకంటే కొంచెం తక్కువ. తనూ ఒక బ్యాండు నడుపుతున్నాడట. అరవైల చివర్లో నెల్లూరు సముద్రపు ఒడ్డున ఒక పెళ్ళిళ్ళ బ్యాండు సెట్టు సొంతంగా పొడుగాటి పాట ఒకటి కట్టుకుని వాయించేదని ఎవరో చెప్పారట. "తాతగారూ, మీరు చేసింది ప్రోగ్రెసివ్ రాక్. ఆ సంగతి మీకే తెలీదు," అన్నాడు. నాకు తెలియనివి చాలా ఉన్నాయి, ఇంకొకటి చేరితే నడుం వంగదు. "రాక్ కాదు నాయనా, మాది పోక. నడుస్తూ వాయించేవాళ్ళం," అన్నాను. అతను నవ్వకుండా దాన్ని కూడా ఫోనులోకి ఎక్కించుకున్నాడు. నా చమత్కారాలకు ఇలాంటి మర్యాద జరగడం కొత్తేమీ కాదు. వెళ్ళేముందు గూట్లోని నా పాత క్లారినెట్టు తీసి నా చేతికిచ్చి, ఆ పాట ఒక రెండు నిమిషాలు వినిపిస్తే చాలన్నాడు. నేను వినిపించలేదు. కట్టుడు పళ్ళతో క్లారినెట్టు ఊదితే పాట ముందు బయటికి వస్తుందో పళ్ళు ముందు వస్తాయో చెప్పలేని మాట నిజమే గానీ, కారణం అది కాదు. ఆ పాటను ముక్కలు కోసి ఇవ్వను. అది కొసదాకా పోవడం కోసమే పుట్టిన పాట. అలా పోనివ్వడానికి మేము పడిన పాట్లు పాట కంటే పొడుగు.

మా ఇల్లు మైపాడు పోయే దోవలో, ఇందుకూరుపేట దాటిన తరువాత, ఉప్పుగాలి తగిలేంత దూరంలో ఉండేది. మాది ఇంట్లోనూ తెలుగే మాట్లాడే సాయిబుల కుటుంబం. మా తాత గుళ్ళో నాదస్వరం ఊదాడు, మా నాయన పెళ్ళిళ్ళలో క్లారినెట్టు ఊదాడు, నేను కనీసం పొయ్యి కూడా సరిగా ఊదలేనని మా అమ్మ అభిప్రాయం. ఆ గాలికి ఇత్తడి నాలుగు రోజులకే పచ్చబడేది. అందుకని అమ్మ చేపల పులుసుకు పిసికిన చింతపండు పిప్పిని పారెయ్యకుండా ఒక ముంతలో దాచేది. పొద్దున్నే దాంట్లో ఇంత బూడిద కలిపి, వసారాలో కూర్చుని, ట్రంపెట్లనూ యుఫోనియాన్నీ పిల్లలకు తల రుద్దినట్టు రుద్దేది. మా ఇంట్లో చేపలూ బాకాలూ ఒకే చింతపండు తిని బతికాయి. ఎర్ర కోట్లు దండేనికి వేలాడుతూ ఉండేవి, వాటి చంకల్లో కర్పూరం ఉండలు. ఆ వాసన, చింతపండు వాసన, నాయన భుజాలకు రాసుకునే వేపనూనె వాసన, ఇవి మూడూ కలిస్తే మా ఇల్లు. క్లారినెట్టు నోట్లో పెట్టే రెల్లుపుల్లలు గ్లాసు నీళ్ళలో నానేసి గూట్లో పెట్టేవాళ్ళం. మా ఇంటికొచ్చిన చుట్టాలు దాహం వేస్తే గూటి వైపు చెయ్యి చాపేముందు ఒకటికి రెండుసార్లు అడిగేవాళ్ళు.

సెట్టుకు మేస్త్రీ అయిన మా నాయనకు ఒక అలవాటుండేది. సాయంత్రం ఏ వీధుల్లో పెళ్ళి మెరవణి నడవాలో, ఆ వీధులన్నీ పొద్దున్నే ఒక్కడే నడిచి వచ్చేవాడు. చేతిలో వాయిద్యం ఉండదు, భుజాన తువ్వాలు మాత్రం. ఇంటింటి ముందూ ఆగి అడిగేవాడు. "ఏం తల్లీ, ఇంట్లో బాలెంతలెవరన్నా ఉండారా?" అంటే, లోపలి నుంచి, "ఉండాది మేస్త్రీ, మొన్ననే కాన్పు, బిడ్డ ఇప్పుడిప్పుడే కునుకు తీస్తా ఉండాడు," అని జవాబు వచ్చేది. "సరే, మీ అరుగు దాటేదాకా ఊదం లేమ్మా." జబ్బు మనిషున్న ఇల్లు, చావు జరిగిన ఇల్లు, గుడి, మసీదు, అన్నీ చూసుకునేవాడు. ఎక్కడ ఊదాలో చూసుకోవడానికి కాదు, ఎక్కడ ఊదకూడదో చూసుకోవడానికి. సాయంత్రం ఆ చోటు రాగానే క్లారినెట్టు పైకెత్తేవాడు. అంతే, సెట్టంతా ఒక్కసారిగా గొంతు మూసేది. కాళ్ళ చప్పుడు మాత్రం వినిపించేది. అన్నిటికంటే పొడుగైన మౌనం మసీదు గోడది. ఆ గోడ మొదలు నుంచి కొసదాకా, ఎంత ఊపులో ఉన్న పాటైనా సరే, ఉత్త కాళ్ళ చప్పుడుతోనే నడవాలి. గోడ దాటాక ఎవరూ సైగ చెయ్యనక్కర్లేదు, పాట ఆగిన చోట నుంచే అందుకునేది. "పాట ఎవుడైనా నేర్చుకుంటాడు. నోరు మూసుకునేది నేర్చుకోవాలంటే శానా కాలం పడతాది," అనేవాడు నాయన, ముఖ్యంగా నా వైపు చూస్తూ.

ఈ మర్యాదల మధ్య మాకు ఒక్క అమర్యాద ఉండేది. పెళ్ళికొడుకు తరఫు పెద్దమనిషి, మామూలుగా మేనమామ, చెయ్యెత్తితే పాట మార్చాలి. అది అన్ని ఊళ్ళ ఆచారం. పల్లవి అయ్యి చరణంలోకి కాలు పెట్టామో లేదో, ముందు నుంచి ఒక చెయ్యి లేచేది. వెంటనే ఇంకొక సినిమా పాట. దాని మీద ఇంకొక చెయ్యి. మా సెట్టు పుట్టిన నాటి నుంచి ఒక్క పాటనూ చివరిదాకా చూడలేదు. పాటల మొహాలే గానీ పాదాలు మాకు తెలియవు. నాకు ఇరవై ఏళ్ళు నిండేసరికి వందల పాటలు వచ్చు, ఒక్కటీ రాదు. అందరూ దీనికి అలవాటు పడ్డారు. నేనూ పడేవాణ్ణే, ఖాజా అన్న రాకపోయి ఉంటే.

ఖాజా అన్న మా పెద్దమ్మ కొడుకు. మద్రాసులో హార్బరు పక్కన మోటారు షెడ్డులో పనిచేసి, అక్కడ ఎవరి దగ్గరో దెబ్బ తిన్న కరెంటు గిటారు ఒకటి సంపాదించి, ఒక రంజాను ముందు దాన్ని దుప్పట్లో చుట్టుకుని వచ్చాడు. అది ఎవరి బిడ్డో అనుకుని మా అమ్మ రెండు చేతులూ చాపింది. పాత బ్యాటరీ రేడియో విప్పి, దానికి ఏవో తీగలు కలిపి, లారీ బ్యాటరీతో సహా తోపుడుబండి మీద కట్టి, గిటారు మోగేట్టు చేశాడు. ఓడల వాళ్ళ దగ్గర ఇంగ్లీషు రికార్డులు విన్నాడట.

"ఒక్క పాటే రా మస్తానూ, రికార్డు ఈ పక్కంతా అదే! నడస్తా నడస్తా ఇంకో పాటగా మారిపోద్ది, మళ్ళీ యెనక్కి తిరిగొస్తాది. ఎవుడూ ఆపడు!"

"పెళ్ళికొడుకు మేనమామ ఏం జేస్తా ఉంటాడన్నా?"

"ఆ దేశంలో మేనమామలు ఉండరనుకుంటా."

ఆ మాటకు మా పెద్ద డ్రమ్ము పోలయ్య పడీపడీ నవ్వాడు. పోలయ్య మైపాడు పక్కన పాలెంలో చేపలు పట్టే వాళ్ళ బిడ్డ, నా ఈడువాడు. పొద్దున ఒడ్డు నుంచి తాళ్ళతో అలివి వల లాగి, మధ్యాహ్నం మా ఇంట్లో అన్నం తిని, సాయంత్రం డ్రమ్ము మోసేవాడు. వాడి చేతిలో ఒక విచిత్రమైన నడక ఉండేది. ఏడు దెబ్బలకు ఒకసారి ఊపిరి తీసేది. నాయన మొదటిసారి విని మొహం ముడిచాడు. "ఇదేం తాళంరా, కుంటోడు పరిగెత్తినట్టు?" అంటే, పోలయ్య ఏమాత్రం తగ్గలేదు. "అలివి లాగేటప్పుడు అల ఒక కాలిని పీకేస్తాది మేస్త్రీ. మీరు ఒక్కసారి తాడు పట్టుకోండి, మీకూ ఇట్టే వస్తాది."

సముద్రం దగ్గర సర్వితోపులో, రాలిన సరుగుడు ఆకు మీద కూర్చుని, మేము ముగ్గురం ఆ పాట కట్టాం. పోలయ్య కుంటి నడక, ఖాజా అన్న గిటారు మూలుగు, తాత నాదస్వరంలో నేను చిన్నప్పుడు విన్న ఒక పిలుపు. దానికి మాటలు లేవు. పేరు మాత్రం పెట్టుకున్నాం, 'దోవ' అని. మొదట బజారు వీధి, సందడిగా. తర్వాత సందు, క్లారినెట్టు ఒక్కటే పట్టేంత ఇరుకు. అక్కడి నుంచి పొలాలు, గాలి. అంతా కుదిరాక కూడా ఏదో వెలితిగా ఉండింది. పోలయ్యే కనిపెట్టాడు. "దోవన్నాక గోడ లేకుండా ఎట్టా? ఊపిరి తీసుకోవద్దా?" నిజమే. మౌనం లేని పాట మేము జన్మలో వాయించలేదు. అందుకని పాట మంచి ఊపు మీద ఉన్న చోట మా ఊరి మసీదు గోడను తెచ్చి నిలబెట్టాం. గోడ పొడుగంతా కాళ్ళ చప్పుడే. ఇంగ్లీషు వాళ్ళ పాటల్లో ఇలాంటిది ఉందా అని ఖాజా అన్నను అడిగితే, "వాళ్ళు కుర్చీలో కూర్చోని వాయిస్తారనుకుంటా, పాపం," అన్నాడు.

సెట్టులో మిగతావాళ్ళకూ నేర్పి, నాయనకు వినిపించాం. విన్నంతసేపూ తలగడ దూది సర్దుకుంటూ కూర్చున్నాడు. విని, "పెళ్ళి వాళ్ళది, వీధి ఊరోళ్ళది. మనది ఊపిరొకటే, దాన్ని వాళ్ళు అడిగిన చోట పొయ్యాల," అన్నాడు. మేము వినలేదు. ఇంట్లో కొన్నాళ్ళు పళ్ళేల చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు. చివరికి అమ్మ కల్పించుకుంది, "నీ తాళం నీకుండాది, వాళ్ళ తాళం వాళ్ళకు గానీ, ఒక సారి కానీయరాదా?" అని. అప్పుడు నాయన ఒక మాటకు వచ్చాడు. "ఈ ముహూర్తాలు అయ్యేలోగా, ఒక్కసారంటే ఒక్కసారి, మధ్యలో ఆగకుండా ఆ పాట కొసదాకా తీసుకుపోండి. పోతిరా, అది మన సెట్టు పాట. పోలేదా, ఖాజా గిటారు మద్రాసు బస్సెక్కాల, మీరు మర్యాదగా సినిమా పాటకు రావాల."

తేలికనుకున్నాం. చెయ్యెత్తే మేనమామల సంగతి మరిచిపోయాం. ఒక పెళ్ళిలో బజారు వీధి దాటలేదు. ఒక పెళ్ళిలో సందులోకి వెళ్ళగానే పట్టు పంచె పెద్దమనిషి వెనక్కి తిరిగి, "ఏందయ్యా మేస్త్రీ, పెళ్ళికి పిలిస్తే వల లాగతా ఉండారు?" అన్నాడు. జనం నవ్వారు, పోలయ్య మాత్రం దాన్ని మెప్పుగా తీసుకుని వంగి దణ్ణం పెట్టాడు. ఇంకొక పెళ్ళిలో గోడ దాకా వెళ్ళగలిగాం. మేము మౌనంలో ఉండగానే చెయ్యి లేచింది. ఊదని పాటను కూడా ఆపగలిగిన చెయ్యి అది! ప్రతిసారీ నాయన ఒక్క మాట అనకుండా క్లారినెట్టు అందుకుని సినిమా పాట మొదలుపెట్టేవాడు. ముహూర్తాలు అయిపోవచ్చాయి. ఖాజా అన్న దుప్పటి ఉతికి ఆరేసుకున్నాడు, గిటారు చుట్టడానికి.

ఆ వారమే నెల్లూరులో ఒక యువజన సంఘం వాళ్ళు బ్యాండు సెట్లకు పోటీ పెట్టారని తెలిసింది. హాల్లో, వేదిక మీద, తెర కట్టి. పెళ్ళికొడుకు ఉండడు, కాబట్టి వాడికి మేనమామా ఉండడు. మా తెలివికి మేమే మురిసిపోయి బస్సు టాపు మీద డ్రమ్ముతో పాటు ఎక్కాం. నాయన కూడా వచ్చాడు, మాతో కాదు, మా వెనక బస్సులో. హాల్లో చివరి వరసలో, గోడకు ఆనుకుని, తెల్ల టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. అంత దూరం నుంచి కూడా ఆ టోపీ ఒక్కటే నాకు కనిపించింది.

మొదలుపెట్టాం. బజారు బాగా నడిచింది. సందులో నా క్లారినెట్టు నా మాట విన్నది, ఇది అరుదు. పోలయ్య ఏడు దెబ్బలకు ముందు వరస వాళ్ళు తలలు ఊపబోయి, ఎక్కడ ఊపాలో తెలియక, మధ్యలో వదిలేశారు. పాట పొంగి పొంగి గోడ దగ్గరికి వచ్చింది. నేను క్లారినెట్టు పైకెత్తాను. అందరం ఆగాం. అక్కడ మాకు తోచిన పని, ప్రపంచంలో ఇంకే సెట్టుకూ తోచదు. ఆ మౌనాన్ని మేము ఎప్పుడూ లెక్కపెట్టి ఎరగం, కాళ్ళతో కొలిచి ఎరుగుదుం. అందుకని వేదిక మీద ఉన్న చోటనే ఉండి నడవసాగాం. ఎర్ర కోట్లు వేసుకున్న మనుషులు, వాయిద్యాలు నోటి దగ్గర పెట్టుకుని, ఏమీ వాయించకుండా, ఎక్కడికీ పోకుండా, చక్కగా నడుస్తున్నారు.

అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాయి. మా కాళ్ళు ఆగలేదు. "మర్చిపోయినారబ్బా!" అన్నాడొకడు. "కీ ఇచ్చేది మరిచినట్టుండారు," అని ఇంకొకడు. ఈలలు మొదలయ్యాయి. ఇస్త్రీ చొక్కా కార్యదర్శి వేదిక ఎక్కి మా ముందు నిలబడి, "అయిపోయింది గదా, ఇంక దిగండి. లేదంటే ఏదన్నా మంచి సినిమా పాట అందుకోండి," అని చెయ్యెత్తాడు.

చెయ్యి. ఆ చెయ్యిని చూడగానే నా పెదవులు వాటంతట అవే సినిమా పాటకు సిద్ధమయ్యాయి. పుట్టినప్పటి నుంచి నేర్చిన విద్య అది. పక్క నుంచి పోలయ్య పళ్ళ సందున అన్నాడు: "రేయ్ మస్తానూ. గోడ దాటలా."

అప్పుడే హాలు చివర్లో తెల్ల టోపీ లేచి నిలబడింది.

"చెయ్యి దించండయ్యా!" అన్నాడు మా నాయన. "గోడ ఇంకా దాటలేదు."

"ఏం గోడ పెద్దాయనా?" అన్నాడు కార్యదర్శి.

"మా ఊరి మసీదు గోడ. మీకు కనపడకుంటే అది గోడ తప్పు గాదు. రొవ్వంత సేపు ఊపిరి పట్టుకోండి, బిడ్డలు నడస్తా ఉండారు."

ఎవరో నవ్వారు. ఆ నవ్వుకు ఇంకొక నవ్వు తోడు రాలేదు. హాల్లో పంకాల చప్పుడు, మా బూట్ల చప్పుడు, అంతే. ఎంతసేపో నాకు తెలియదు. ఆ గోడకు సున్నం పెచ్చు ఊడిన చోటు వచ్చింది, వేపకొమ్మ వంగిన చోటు వచ్చింది, చివర మూలరాయి వచ్చింది. ఎవరూ సైగ చెయ్యలేదు. అందరం ఒక్క ఊపిరిలో అందుకున్నాం. ముందు వరసలో ఒకామె ఉలిక్కిపడి పక్కామె చెయ్యి పట్టుకుంది.

కార్యదర్శి తెర దించేశాడు. పాట ఇంకా పొలాల్లోకి రాలేదు. నడిచే పాటకు తెర అడ్డమేమిటి? పోలయ్య డ్రమ్ముతో తెర కిందుగా దూరి మెట్లు దిగాడు, వాడి వెనక మేమంతా. కుర్చీల మధ్య నుంచి నడిచాం. ఖాజా అన్న మాత్రం తీగ ఎంత పొడుగుంటే అంత దూరం వచ్చి, కట్టేసిన దూడలా ఒక్క గుంజు గుంజి ఆగాడు. ఒక్క క్షణం గిటారు వంక చూసి, దాన్ని ముందు వరసలో ఎవరో పెద్దామె ఒళ్ళో పడుకోబెట్టి, "రొవ్వంత చూస్తా ఉండండక్కా," అని, ఒక జత ఇత్తడి తాళాలు అందుకుని పరిగెత్తుకొచ్చాడు. వీధిలోకి వచ్చాం. రిక్షాలు పక్కకు తప్పుకున్నాయి. హాల్లోని వాళ్ళు కొంతమంది మా వెనకే వచ్చారు, ఎందుకు వస్తున్నారో వాళ్ళకే తెలియకుండా. పెన్న వైపు తిరిగే మలుపులో, ఒక మూసిన సైకిలు షాపు ముందు, పాట అయిపోయింది. దాని కొస ఎలా ఉంటుందో వీధిలో మాకు తెలియడం అదే మొదలు.

నాయన చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చాడు. "కొసన క్లారినెట్టు దిగజారింది," అన్నాడు నాతో.

"చిన్నాయనా, ఆయన చెయ్యెత్తినాడు గదా. ఇది లెక్కకొస్తాదా, రాదా?" అన్నాడు ఖాజా అన్న, గిటారు కోసం హాలు వైపు ఒక చూపు చూస్తూ.

"ఎత్తినాడు. మీరు ఆగినారా?"

"లేదు."

"మరింకేం," అన్నాడు నాయన.

మాకు ఏ బహుమతీ రాలేదని వేరే చెప్పనక్కర్లేదు. తర్వాత నాలుగైదేళ్ళు ఆ పాట వాయించాం. కొందరు మమ్మల్ని పిలవడం మానేశారు, కొందరు దానికోసమే పిలిచారు. మానేసినవాళ్ళే ఎక్కువ, అబద్ధమెందుకు? ఆ పాట ఏ రికార్డులోకీ ఎక్కలేదు. రికార్డు లేదు కాబట్టి చరిత్రలో లేనట్టే అంటారు. అననీండి. ఇప్పుడు మా వీధిలో పెళ్ళి మెరవణి లారీ మీద వస్తుంది. మంచంతటి పెట్టెలు కట్టుకుని, బాలెంత ఉందా, ముసలివాడున్నాడా అని ఒక్కరినీ అడగకుండా, కిటికీలు అదరగొట్టుకుంటూ పోతుంది. పాట మార్చడానికి చెయ్యి కూడా ఎత్తనక్కర్లేదు, వేలు చాలు. వాళ్ళదీ సంగీతమే, నేను కాదనను. కానీ ఎక్కడ ఆగాలో తెలిసిన వాళ్ళకే ఎక్కడ ఆగకూడదో చెప్పే హక్కుంటుంది. మా నాయన ఊరు ఊరంతటి కోసం ఆగాడు. పసిబిడ్డ నిద్ర కోసం ఆగాడు, శవం కోసం ఆగాడు, దేవుళ్ళందరి కోసం ఆగాడు. అలాంటివాడు ఒకరి దర్జా కోసం ఆగనని అంటే, దాన్ని పొగరు అనే నోరు ఎవరికీ లేదు.

నెల్లూరు నుంచి వచ్చిన కొద్ది రోజులకే ఆ ముహూర్తాల్లో చివరి పెళ్ళి, ఇందుకూరుపేటలో ఒక పెద్ద రైతు ఇంట్లో. ఆ సాయంత్రం నాయన నన్ను పక్కకు జరగమని, ముందు వరసలో తనే నిలబడి, క్లారినెట్టు తుడుచుకుని, ఎవరితోనూ చెప్పకుండా 'దోవ' ఎత్తుకున్నాడు. ఎప్పుడు నేర్చుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. తెల్లగుర్రం పక్కన నడుస్తున్న మేనమామ, జరీ తలపాగా, ఉంగరాల చెయ్యి, సందు మలుపులో వెనక్కి తిరిగి ఆ చెయ్యెత్తాడు. సెట్టంతా నాయన వైపు చూసింది. నాయన ఆ చెయ్యిని చూశాడు. చూసినట్టు మేనమామకు తెలిసేలాగా చూశాడు. ఆపైన కళ్ళు మూసుకుని, ఏడో దెబ్బకు ఊపిరి తీసుకుని, ముందుకు నడిచాడు. మేనమామ ఇంకొంచెం పైకెత్తాడు. మేము ఆయన్ను దాటి పొలాల వైపు తిరిగాం. మలుపులో ఒకసారి వెనక్కి చూశాను. ఆ చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.